తన ప్రవర తానే చెప్పే బోర్డు

నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న యూనిట్ అనుకుందాం. బాయిలర్ వేడి చూడాలి, నీళ్ల మోటారు వేసి ఆపాలి, గంట గంటకూ లెక్క రాసిపెట్టాలి. దీనికి గోడంత ప్యానెల్ ఇప్పుడు అక్కర్లేదు, అరచేతిలో ఇమిడే బీగల్‌బోన్ బ్లాక్ అనే చిన్న కంప్యూటర్ బోర్డు చాలు. కానీ మోటారును నేరుగా తిప్పే సత్తువ దానికి లేదు. దాని పిన్నులు 3.3 వోల్టుల మీద నడుస్తాయి. అనలాగ్ పిన్నులు మరీ సున్నితం, 1.8 వోల్టులు దాటితే చిప్పుకే ముప్పు. అందుకని రిలేలకు ఒక బోర్డు, సెన్సార్లకు ఒక బోర్డు దాని నెత్తిన ఎక్కిస్తారు. వీటినే కేప్‌లు అంటారు. అన్నీ ఒకే పిన్నుల వరసలో గుచ్చుకుంటాయి. మరి తన మీద ఏ బోర్డు కూర్చుందో కింద ఉన్న కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న తూర్పు హైదరాబాదుకు కొత్తది కాదు. హబ్సిగూడ చౌరస్తా నుంచి నాచారం, మల్లాపూర్ మీదుగా ముందుకు వెళ్తే ఈసీఐఎల్ వస్తుంది. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో మొదలైన సంస్థ. ట్రాంబేలో రూపుదిద్దుకుని 1969లో పనిలోకి దిగిన టీడీసీ-12, ఆ తరువాత 1974లో టీడీసీ-312, 1975లో టీడీసీ-316 ఈ సంస్థ పేరు మీద వచ్చిన కంప్యూటర్లే. టీడీసీ-12 రియల్ టైమ్ యంత్రం. అంటే బయటి పరికరాల నుంచి వచ్చే సమాచారాన్ని వచ్చింది వచ్చినట్టే అందుకుని పనిచేయడానికి పుట్టింది. ఆ తరం మినీ కంప్యూటర్లలో ఏ పరికరానికి ఏ నంబరో వైరింగ్‌లోనే ఖాయమయ్యేది. ప్రోగ్రాము రాసేవాళ్లకు ఆ నంబరు ముందే తెలిసి ఉండాలి. ఇంజినీరు నోటుపుస్తకం పోతే యంత్రం సగం మూగబోయినట్టే.

తరువాత వచ్చిన పీసీల్లోనూ కార్డు మీద చిన్న జంపర్లు మార్చి మార్చి గుచ్చే బాధ చాలాకాలం ఉంది. 1992లో వచ్చిన పీసీఐ ఆ బాధ తీర్చింది. ఏ స్లాట్‌లో ఎవరున్నారో కంప్యూటరే అడిగి తెలుసుకుంటుంది. చిన్న బోర్డులకు మాత్రం ఆ భాగ్యం దక్కలేదు. సెన్సార్లను కలిపే ఐటూసీ, ఎస్పీఐ తీగలకు "ఎవరు నువ్వు?" అని అడిగే పద్ధతే లేదు. తప్పు పరికరాన్ని పలకరించినా ఏదో ఒక అంకె వస్తుంది, దాన్నే నిజమనుకుని ప్రోగ్రాము ముందుకు పోతుంది. బాయిలర్ దగ్గర ఇలాంటి పొరపాటు చిన్న విషయం కాదు.

2011లో బీగల్‌బోన్‌ను విడుదల చేసినవాళ్లు దీనికి ఒక మార్గం కనిపెట్టారు. నాకు ఆ బోర్డు మొత్తంలో అన్నిటికన్నా ముచ్చటగా తోచేది ఇదే. ప్రతి కేప్ మీదా ఈఈప్రామ్ అనే చిన్న జ్ఞాపకపు చిప్పు ఉండాలని నియమం పెట్టారు. పెద్దల ముందు నిలబడి ప్రవర చెప్పుకున్నట్టు, కరెంటు రాగానే ఆ చిప్పు తన పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంది. మొదటి నాలుగు బైట్లు ఎప్పుడూ ఒకటే: ఏఏ, 55, 33, ఈఈ. అవి కనిపిస్తే ఇది చెత్త కాదు, నిజమైన కేప్ అని గుర్తు. ఆ వెనుక 32 అక్షరాల్లో బోర్డు పేరు, నాలుగింటిలో వెర్షన్, పదహారింటిలో తయారీదారు, మరో పదహారింటిలో పార్ట్ నంబరు. ఆపైన 74 పిన్నులకు తలా రెండు బైట్ల చొప్పున, ఏ పిన్ను వాడుకుంటుందో, దేనికి వాడుకుంటుందో రాసి ఉంటుంది. ఎంత కరెంటు తాగుతుందో కూడా అందులోనే.

పాత జంపర్లు పూర్తిగా పోలేదు. ఈ చిప్పుల చిరునామాలు 54 నుంచి 57 వరకు నాలుగే. ఎవరిది ఏదో కేప్ మీది రెండు చిన్న స్విచ్‌లు తేలుస్తాయి. కాబట్టి నాలుగు కేప్‌లకు మించి కుదరదు. రెండింటికి ఒకే చిరునామా పెడితే రెండూ ఒకేసారి మాట్లాడతాయి, ఏదీ అర్థం కాదు.

పేరు తెలిశాక దానికి తగ్గ ఏర్పాటు చేసేవాడు కావాలి. 2013లో బీగల్‌బోన్ బ్లాక్ వచ్చినప్పుడు లైనక్స్ 3.8 కెర్నల్‌లో ఆ పని కేప్ మేనేజర్ చేసింది. పాంటెలిస్ ఆంటోనియు రాసిన ప్రోగ్రాము ఇది. చిప్పులోని పార్ట్ నంబరు, వెర్షన్ కలిపి, ఆ పేరున్న ఫైలును మెమరీలో వెతుకుతుంది. ఆ ఫైలే ఓవర్‌లే. ఈ పిన్ను రిలేకు, ఆ పిన్ను సెన్సార్‌కు అంటూ కంప్యూటర్ దగ్గరున్న హార్డ్‌వేర్ పటానికి ఒక కొత్త కొమ్మ అతికిస్తుంది. బోర్డులో ముందే ఉన్న హెచ్‌డీఎంఐని, ఈఎంఎంసీ మెమరీని కూడా కేప్‌ల జాబితాలోనే చేర్చారు. అందుకే అవి పట్టుకున్న పిన్నును కొత్త కేప్ అడిగితే కేప్ మేనేజర్ ఒప్పుకోదు. ఏ పిన్ను దగ్గర తగవు వచ్చిందో లాగ్‌లో రాసి, ఆ కేప్‌ను పక్కన పెడుతుంది. తెర అక్కర్లేని చోట హెచ్‌డీఎంఐని ఆపేస్తే సరి, దాని పిన్నులన్నీ ఖాళీ అవుతాయి.

యంత్రం నడుస్తుండగా ఓవర్‌లేలను పెట్టడం, తీయడం మాత్రం నిలకడగా సాగలేదు. ముఖ్యంగా తీసేటప్పుడు కెర్నల్ కుప్పకూలేది. తరువాతి కాలంలో ఈ పనిని కెర్నల్ కన్నా ముందే లేచే యూ-బూట్‌కు అప్పగించారు. కరెంటు ఇచ్చిన క్షణంలోనే ఎవరెవరున్నారో తేలిపోతుంది, ఆ తరువాత మార్పు ఉండదు. కార్ఖానాకు ఇదే నయమని నా అభిప్రాయం. నడుస్తున్న బాయిలర్ మీద కేప్ మార్చే అవసరం ఎవరికి ఉంటుంది?

రాస్ప్‌బెర్రీ పై వాళ్లు 2014లో హ్యాట్ పేరుతో ఇలాంటి నియమమే తెచ్చారు. అందులో చిప్పు పేరు చెప్పి ఊరుకోదు, ఓవర్‌లేను కూడా తనలోనే మోయగలదు. మెమరీ కార్డు మార్చినా, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించినా ఫైలు కోసం వెతుక్కోనక్కర్లేదు.

బజారులో చవకగా దొరికే రిలే బోర్డులకు ఈ చిప్పు ఉండదు. వాటికి ఓవర్‌లే పేరును బూట్ ఫైలులో చేత్తో రాయాలి. పని జరుగుతుంది. కానీ ఐదేళ్ల తరువాత మరమ్మతుకు వచ్చే కుర్రాడికి ఆ బోర్డు తనంతట తాను ఏమీ చెప్పదు. పాత వైరింగ్ రోజుల్లాగే మళ్లీ ఎవరి నోటుపుస్తకమో వెతకాలి. సొంతంగా బోర్డు గీయించుకునే యూనిట్లు ఆ ఒక్క చిప్పును మిగుల్చుకోవాలని చూడకూడదు. వివరాలు రాసేటప్పుడు దాని రైట్ ప్రొటెక్ట్ పిన్నును గ్రౌండ్‌కు కలిపి, రాయడం అయ్యాక ఆ తీగ తీసేయాలి.