ఆగని తీగ

ఫిజిక్సు చదివినవాళ్లలో సోనామీటరు ముట్టుకోనివాళ్లు అరుదు. బిగించిన ఉక్కు తీగ, పక్కన ఏసీ కరెంటుతో నడిచే విద్యుదయస్కాంతం, తీగ మీద మడిచి వేసిన చిన్న కాగితం ముక్క. బ్రిడ్జిలు జరుపుకుంటూ పోతే ఒక పొడవు దగ్గర తీగ ఒక్కసారిగా ఊగిపోతుంది, కాగితం ఎగిరి కింద పడుతుంది. హైదరాబాద్ హుస్సేనీ ఆలంలో మా ల్యాబ్‌లో అది పడ్డాక ఒకమ్మాయి అడిగింది: "మేడం, కరెంటుకు సరిపోయేటట్టు మనం తీగను జరుపుతున్నం. తీగ ఎట్ల ఊగితే కరెంటే అట్ల మారేటట్టు చేయరాదా?"

చేయొచ్చు. చేసినాయన కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్. వాద్యం పేరు ఇన్ఫినిట్ గిటార్. బ్రూక్ మనకు పూర్తిగా పరాయివాడు కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌తో కలిసి 1995లో ‘డ్రీమ్’ ఆల్బమ్ చేసింది ఈయనే.

మీటే వాద్యాలన్నిటికీ ఒకటే రోగం. మీటిన మరుక్షణం నుంచే స్వరం చచ్చిపోతూ ఉంటుంది. వయొలిన్‌కు కమాను ఉంది, సన్నాయికి ఊపిరి ఉంది. వీణ, గిటార్ మళ్లీ మళ్లీ మీటించుకుని నెట్టుకొస్తాయి. గమకం లాగాలంటే లాగినంతసేపూ స్వరం బతికుండాలి కదా! జంట తీగల మామూలు మాండలిన్‌ను పక్కనపెట్టి శ్రీనివాస్ ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకోవడంలో ఈ బాధే ఉంది.

గిటార్ పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ, అంతే. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం చెదిరి రాగి చుట్టలో వోల్టేజీ పుడుతుంది. ఆ వోల్టేజీని పెంచి, తీగ కిందే ఉన్న ఇంకో చుట్టకు పంపితే అది తిరిగి తీగను లాగుతుంది. ఎప్పుడు లాగాలో తీగే చెబుతుంది, శక్తి మాత్రం కరెంటుది.

చెప్పినంత తేలిక కాదు. సోనామీటరులో 50 హెర్ట్జ్ కరెంటు తీగను సెకనుకు 100 సార్లు ఊపుతుంది. ఏ ధ్రువం పైకొచ్చినా ఇనుమును లాగడమే తప్ప నెట్టడం విద్యుదయస్కాంతానికి చేతకాదు మరి. గిటార్‌లోనూ ఉత్త చుట్ట పెడితే సా పలికే తీగను పై సా లెక్కన లాగుతుంది. దీనికి విరుగుడు నాకు మహా ఇష్టం: చుట్ట మధ్యలో ఒక శాశ్వత అయస్కాంతం. అది తీగను ఎప్పుడూ కాస్త లాగి పట్టుకునే ఉంటుంది. కరెంటు ఒకవైపు పారితే ఆ లాగుడు పెరుగుతుంది, రెండోవైపు పారితే తగ్గుతుంది. లాగుడు తగ్గడమంటే తీగకు నెట్టినట్టే లెక్క!

ఇక సమయం. పైకి పోతున్న తీగను కిందికి లాగితే స్వరం ఇంకా తొందరగా చస్తుంది. పికప్ వోల్టేజీ తీగ వేగాన్ని అనుసరిస్తుంది కాబట్టి సిద్ధాంతంలో అన్నీ కలిసొస్తాయి. కానీ చుట్టకు ఇండక్టెన్స్ ఉంది. కరెంటు వోల్టేజీ కంటే వెనకబడుతుంది, స్వరం పైకి పోయేకొద్దీ మరీ వెనకబడుతుంది. ఆ ఆలస్యాన్ని సర్క్యూట్‌లోనే సరిచేయాలి. పైగా రెండో చుట్ట క్షేత్రం నేరుగా పికప్‌లోకి దూరిందంటే, తీగతో పనిలేకుండానే స్పీకరు కీచుమంటుంది. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న ఎల్ఎం386 చిప్, మోటార్ వైండింగ్ షాపులో అడిగి తెచ్చిన ఎనామిల్ తీగ పెట్టి చూడండి, ముందు వినిపించేది ఆ కీచే. చుట్టలు రెండూ దూరం జరపాలి. సరిగ్గా కుదిరాక రెండో చుట్ట వైర్లు తారుమారు చేస్తే ఇంకో తమాషా: అసలు స్వరం అణిగిపోయి, దానిలోని హార్మోనిక్ ఒకటి పైకి లేస్తుంది.

బ్రూక్ కంటే ముందే, 1970లలో, అమెరికాలో గ్రెగ్ హీట్ ‘ఈబో’ తెచ్చాడు. పికప్, తీగను లాగే చుట్ట, 9 వోల్టుల బ్యాటరీ అన్నీ గుప్పెట్లో ఇమిడే డబ్బాలో. అది పక్క తీగల మీద ఆనుకుని మధ్య తీగను పాడిస్తుంది. ఇంజనీరుగా నా ఓటు హీట్‌కే. కానీ ఈబో మీటే చేతిని కట్టేస్తుంది, ఒకసారికి ఒక్క తీగకే పనికొస్తుంది. బ్రూక్ అదంతా గిటార్‌లోనే పెట్టి మీటే చేతిని విడిపించాడు. చేసినవి మూడే: ఒకటి తనకు, ఒకటి సంగీత నిర్మాత డేనియల్ లాన్వాకు, ఒకటి యూటూ బ్యాండు గిటారిస్టు ‘ది ఎడ్జ్’కు. ఒక్క వైరు తప్పు కలిపితే షాక్ కొట్టేదట. 1987లో ‘విత్ ఆర్ వితవుట్ యూ’ పాటలో తెగకుండా సాగే గిటార్ దానిదే. తర్వాత ఫెర్నాండెస్, సస్టేనియాక్ బ్రాండ్లలో ఇలాంటి సర్క్యూట్లు వచ్చాయి, దుకాణంలో కొనుక్కునే సరుకైపోయింది.

సర్క్యూట్ బల్ల మీద విప్పి ఉన్నప్పుడు పికప్‌ను ఊరికే పట్టుకుని గదిలో తిరగండి. కిటికీ బయటి ఆటో హారన్ దానికి వినిపించదు, లాడ్ బజార్ గాజుల గలగలా వినిపించదు. దానికి గాలితో పనిలేదు. పాత ట్యూబ్‌లైట్ చోక్ దగ్గర బొంయ్‌మంటుంది, ఫోన్ దగ్గర గిరగిర, ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గర గరగర. మిగతావాళ్లు వదిలించుకోవాలని చూసే ఈ రొదను కొందరు యాంబియెంట్ గిటారిస్టులు రికార్డు చేసి, సాగే స్వరం కింద పరుస్తారు. మన రొదకు మూలం 50 హెర్ట్జ్, బ్రూక్ దేశంలో 60. మనది షడ్జమం అనుకుంటే వాళ్లది సరిగ్గా సాధారణ గాంధారం.