అనాసపండు: చరిత్ర, ఉపయోగములు, అపోహలు

సూరతు నగరమునకు నైరుతి దిక్కున, తాపీనది సముద్రమున కలియుచోటికి దక్షిణముగా, డుమస్ అను తీరగ్రామము కలదు. అచ్చటి ఇసుక నల్లనిది. సెలవుదినములందు సాయంకాలము నగరమునుండి జనులు గుంపులుగా వచ్చి, వేడివేడి టమాటా భజియాలను, కందపూరీలను కొని తిని, చీకటిపడువరకు గాలికి కూర్చుండి పోవుచుందురు. వారిలో తెలుగువారును తక్కువ కాదు. తెలంగాణా పల్లెలనుండి మరమగ్గముల పనికై తరలిపోయిన నేతకుటుంబములు సూరతున తరతరములుగా స్థిరపడియున్నవి. వారి పిల్లలకొరకు అచ్చటి పురపాలకసంఘము తెలుగు పాఠశాలలను కూడ నడుపుచున్నది.

అట్టి కుటుంబమొకటి తీరమున ఒక పండ్లబండియొద్ద నిలిచినదనుకొందము. బండిపైన తొక్కతీసి చక్రములుగా కోసి, ఉప్పుకారము చల్లిన అనాసముక్కలు కలవు. అయిదు నెలల గర్భిణియైన కోడలు చేయి చాచబోవును. “వద్దు బిడ్డా, అది గరం జేస్తది, కడుపుతోని ఉన్నవు” అని అత్త వారించును. కోడలు వెనుకకు తగ్గును. ఆ ముక్కనే అయిదేండ్ల మనుమని చేతిలో పెట్టుదురు. ముక్కలపై ముసురుచున్న ఈగలను గాని, బండివాడు కత్తిని కడుగుచున్న బక్కెట్టులోని నీటిని గాని ఎవరును గమనింపరు.

ఇట్టి దృశ్యము డుమస్‌లోనే కాదు, విశాఖపట్టణపు తీరమునను కనబడును. జాగ్రత్త ఉన్నది గాని, అది ఉండవలసిన చోట లేదు. అనాసపండు ఎచ్చటనుండి వచ్చినది, అందేమున్నది, దేనికి భయపడవలెను, దేనికి భయపడనక్కరలేదు అను విషయములను తెలిసికొనుట ఇందుకే అవసరము.

అనాస మన దేశపు పంట కాదు. దాని జన్మస్థానము దక్షిణ అమెరికా. బ్రెజిల్, పరాగ్వే ప్రాంతములందలి ఆదిమజాతులు దీనిని ‘నానా’ అనియు, ‘నానస్’ అనియు పిలిచెడివారు. మన ‘అనాస’ ఆ మాటయే. పండుతోపాటు పేరు కూడ ఓడయెక్కి వచ్చినదన్నమాట. ఐరోపావారు దీనిని మొదట చూచినది 1493 నవంబరులో, కొలంబసు రెండవయాత్రలో గ్వాడెలూప్ ద్వీపమునందు. పిదప పోర్చుగీసువారు 16వ శతాబ్దమున తమ రేవులవెంట దీనిని భారతదేశమునకు తెచ్చిరి.

ఈ దేశమున ఇది నాటుకొన్న వేగము ఆశ్చర్యకరము. ఆ శతాబ్దము ముగియులోపలనే అక్బరుకొలువులోని అబుల్ ఫజల్ తన ఐన్-ఇ-అక్బరీలో దీనిని పేర్కొని, దీనికి ‘ప్రయాణపు పనస’ అను అర్థమిచ్చు మరియొక పేరును కూడ వ్రాసెను. లేతమొక్కను కుండలో పెట్టుకొని ప్రయాణమున వెంట తీసికొనిపోయినను కాయుననుటయే ఆ పేరునకు కారణము. ఫిరంగుల రేవులలో పండెడి ఈ పండు ఆగ్రాలోని గుల్ అఫ్షాన్ తోటలో ఏటేట వేలకొలది కాయుచున్నదని జహంగీరు తన స్మృతులలో వ్రాసికొనెను.

సూరతు 1573లో అక్బరు వశమై మొగలాయీల ప్రధానమైన రేవైనది. పెద్ద ఓడలు నదిలోనికి రాజాలక, తాపీముఖమునకు ఉత్తరమున ఉన్న సువాలీవద్ద లంగరు వేసెడివి. డుమస్ ఆ నదీముఖమునకు ఈవలి పక్కనున్నది. 1616లో ఆ రేవున దిగిన ఎడ్వర్డ్ టెర్రీ అను ఆంగ్ల మతాచార్యుడు, రాయబారి సర్ థామస్ రోతోకూడ సుమారు రెండేండ్లు ఈ దేశమున గడపి, తరువాత 1655లో ఒక గ్రంథము ప్రకటించెను. అందు అనాసరుచిని చెప్పవలసివచ్చినపుడు ఆయన ద్రాక్షసారాయమును, పన్నీటిని, చక్కెరను కలిపి చెప్పవలసివచ్చినది! ఆ కాలపు ఇంగ్లండులో ఈ పండు రాజులకు కూడ అరుదు. తరువాతి శతాబ్దమున అచ్చటి ధనికులు గాజుయిండ్లలో నిప్పుకాక పెట్టి దీనిని పెంచిరి. విందుబల్లపై అలంకారముగా ఉంచుటకు అద్దెకు తెచ్చుకొన్నవారును కలరు. 1901లో జేమ్స్ డోల్ హవాయి ద్వీపములందు కంపెనీ స్థాపించి డబ్బాలలో నింపి అమ్మనారంభించిన పిదపనే అది పాశ్చాత్యుల సామాన్యగృహములలో అడుగుపెట్టినది.

తెలుగుదేశమున అనాస అనగానే సింహాచలము కొండ గుర్తునకు వచ్చును. విశాఖపట్టణపు మన్యమునందును, సీతంపేట కొండలయందును గిరిజన రైతులు దీనిని చెట్లనీడన పండించుచున్నారు. భారతదేశమున ముఖ్యముగా పండునవి రెండు రకములు. ‘క్యూ’ జాతి పండు పెద్దది, రసము హెచ్చు, కన్నులు వెడల్పు. ‘క్వీన్’ జాతి చిన్నది, లోతైన కన్నులు కలది, సువాసన మిక్కిలి. కేరళములోని వాళకుళము అనాసకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. త్రిపుర రాష్ట్రము 2018లో క్వీన్ అనాసను తన రాష్ట్రఫలముగా స్వీకరించినది.

మనము ఒక పండని అనుకొనునది యథార్థముగా నూరింటికి పైబడిన చిన్న పండ్ల సమూహము. మొవ్వునుండి వెడలిన కంకిమీద నూరు మొదలు రెండువందల వరకు పూవులు పూచి, వాని కాయలన్నియు ఒకటిగా అతుకుకొనిపోవును. పైతొక్కమీద కనబడు ఒక్కొక్క కన్ను ఒక్కొక్క పూవు గురుతు. మొక్క నాటిన ఏడాదిన్నరకు గాని పండు చేతికి రాదు. పొగ తగిలిన మొక్కలు త్వరగా పూయుట చూచి, దానినుండి శాస్త్రజ్ఞులు తోట అంతయు ఒకేమారు పూయునట్లు చేయు ఉపాయమును కనుగొనిరి. నేడు రైతులు అందుకు ఎథిఫాన్ అను మందును నీటిలో కలిపి వాడుచున్నారు.

ఇక అందలి పోషకపదార్థములు. నూరు గ్రాముల అనాసలో నూటికి 85 పాళ్లకు పైగా నీరే. సుమారు 45 కెలోరీల శక్తి, కొంత పీచుపదార్థము, మాంగనీసు, 35 నుండి 40 మిల్లీగ్రాముల విటమిన్ సి ఇందు కలవు. భారత వైద్య పరిశోధనమండలి 2020లో నిర్ణయించిన ప్రకారము పెద్దవారికి దినమునకు కావలసిన విటమిన్ సి పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు. కావున నాలుగైదు పలుచని ముక్కలు తినిన స్త్రీకి ఆ దినపు అవసరములో సగమునకు పైగా తీరును. జామపండులో ఇంతకంటె ఎన్నోరెట్లు హెచ్చుగా ఉన్నదనియు, అది చవుక అనియు చెప్పక తప్పదు. అనాస గొప్పది, కాని మందు కాదు.

దీనియందు మరి యే పండులోను ఇంతగా కానరాని విశేషమొకటి కలదు. అది బ్రొమిలెయిన్ అను ఎంజైము. 1891లో వెనెజువేలా దేశపు విసెంతే మార్కానో దీనిని అనాసరసమున గుర్తించెను. ఇది మాంసకృత్తులను విరిచివేయును. అందుచేతనే పచ్చి అనాసరసములో నానిన మాంసము మెత్తబడును. పాలలో పచ్చి అనాస కలిపిన కొంతసేపటికి చేదెక్కును. పాలు, అనాస కలిసి విషమగునను మాట దీనినుండియే పుట్టియుండును గాని, విషము కాదు, రుచి చెడుటయే. పండును ఉడికించిన ఎంజైము నశించును. అనాస కేసరి చేయువారికి ఈ చిక్కు లేదు. హెచ్చుగా తినినపుడు నాలుక చురుకుమనుటకు ఈ ఎంజైమును, పండులోని ఆమ్లమును, సూదులవంటి సన్నని స్ఫటికములును కారణము. ఎంజైమును పండునుండి కాక, హెచ్చుగా కాండమునుండి తీయుదురు. కాలిన గాయములపై చచ్చిన చర్మమును తొలగించుటకు దీనితో చేసిన మందును ఐరోపాలో 2012లోను, అమెరికాలో 2022లోను అనుమతించిరి.

గర్భిణులు అనాస తినరాదను నమ్మకమునకు ఈ ఎంజైమునే కొందరు ఆధారముగా చూపుదురు. అది నిలువదు. పండులోని బ్రొమిలెయిన్ అల్పము. అందును కొంత జీర్ణాశయమున చెడిపోవును. పండిన అనాసను ఆహారముగా మామూలు పరిమితిలో తినుటవలన గర్భస్రావమగునని చూపిన నమ్మదగిన ఆధారము లేదు. పాతవైద్యగ్రంథములందు హెచ్చరిక కలదన్నచో, అది పచ్చికాయను గూర్చియు, ఆకురసమును గూర్చియు చెప్పినది. పచ్చికాయ తినిన వాంతులు, విరేచనములు పట్టుకొనుట నిజమే. కాయకు చెప్పిన మాట పండుకు అంటుకొని, ఇంటింట స్థిరపడినది.

ఇది కేవలము ఒక పండు మానుకొనుటతో పోవు విషయము కాదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి మన దేశమున గర్భిణులలో నూటికి 52 మంది రక్తహీనతతో ఉన్నారు. మనము తిను ధాన్యములు, పప్పులు, ఆకుకూరలలోని ఇనుము శరీరమునకు సులభముగా పట్టదు. భోజనముతోపాటు విటమిన్ సి కల పండు తినిన, ఆ ఇనుము హెచ్చుగా పట్టును. వేడి అని అనాసను, బొప్పాయిని, జలుబని నిమ్మను, నారింజను ఒక్కొక్కటిగా వారింపగా, తుదకు ఆ యువతి విస్తరిలో పండే ఉండదు. అత్త ప్రేమతోనే వద్దనును. హాని మాత్రము జరుగుచునే యుండును. పండిన బొప్పాయి విషయమునను ఇదియే మాట. పచ్చిబొప్పాయిని మాత్రము గర్భిణులు మానుటయే మేలు.

ఈ నమ్మకమునకు రెండవవైపు మరింత ప్రమాదకరమైనది. అక్కరలేని గర్భము అనాసవలన పోవునని తలచి, పచ్చికాయలు తినుచు రహస్యముగా వారములు గడుపు స్త్రీలు కలరు. గర్భము పోదు, కాలము మాత్రము పోవును. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టమును, దాని 2021 సవరణమును అనుసరించి, నిర్ణీత కారణములపై ఇరువది వారములవరకు ఒక వైద్యుని అభిప్రాయముతో, అత్యాచారబాధితులవంటి కొందరికి ఇరువదినాలుగు వారములవరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయముతో, గుర్తింపుపొందిన ఆసుపత్రులలో సురక్షితముగా ఈ చికిత్స లభించును. ఆమె పేరు, వివరములు రహస్యముగా ఉంచవలెనని చట్టమే చెప్పుచున్నది. పెద్దదైన స్త్రీకి భర్త అనుమతియైనను చట్టప్రకారము అక్కరలేదు.

నిజముగా జాగ్రత్త పడవలసినవారు కొందరు కలరు. మధుమేహము కలవారు రసము త్రాగక, ముక్కలుగా, కొలతతో తినవలెను. రసములో పీచు పోయి చక్కెర మిగులును. కడుపులో పుండు, పులిత్రేనుపులు కలవారికి ఇది పడకపోవచ్చును. రక్తము గడ్డకట్టకుండుటకు మందు వాడువారు బ్రొమిలెయిన్ మాత్రలను వైద్యుని అడుగక మ్రింగరాదు. తినగానే పెదవులు, గొంతు వాచువారు మరల ముట్టరాదు.

తక్కిన అందరికిని ముఖ్యమైన భయము బండిమీదిది. కోయని పండులోపల పరిశుభ్రముగనే ఉండును. కత్తి తగిలిన క్షణమునుండి దాని రక్షణ పోవును. తొక్కమీది మన్ను, కత్తిని కడిగిన నీరు, అమ్మువాని చేతులు, ఈగలు, పైన పేర్చిన మంచుముక్క, వీనిలో ఏదైనను కలరాను, విరేచనములను, కామెర్లను, సన్నిపాతజ్వరమును తేగలదు. పండు పుల్లనిది గనుక క్రిములు బ్రతుకవను ధైర్యము చాలదు. 1994లో ప్లేగుభయమున జనులు విడిచిపోయిన సూరతు, తరువాతి సంవత్సరములలో కమిషనరు ఎస్. ఆర్. రావు నాయకత్వమున చెత్త యెత్తుటనుండి ఫలహారశాలల తనిఖీవరకు అన్నిటిని సరిదిద్దుకొని, 2023 స్వచ్ఛ సర్వేక్షణములో ఇండోరుతోకూడ ప్రథమస్థానము పంచుకొన్నది. అట్టి నగరమునను, బండియొద్ద చూచి కొనవలసిన బాధ్యత కొనువానిదే. తీరమున అనాస తినవలెనన్నచో, కోయని పండును ఎంచి, కత్తిని మంచినీట కడిగించి, కన్నులయెదుట కోయించుకొనుట మేలు. కోసి పేర్చినది ఎంత ఎఱ్ఱగా కారము చల్లియున్నను విడువవలెను.

పండును ఎంచుట సులభమే. కోసినపిదప అనాసలో తీపి హెచ్చదు, రంగు మాత్రమే మారును. కావున పచ్చిది కొని ఇంట పండించుకొందమనుట వ్యర్థము. అడుగుభాగమున మంచి వాసన వచ్చునది, చేతికి బరువుగా తోచునది కొనవలెను. అడుగు మెత్తబడి పులిసిన కంపు వచ్చునది వద్దు. ఇంట మొదట పండంతటిని కడిగి, పిదప తొక్క మందముగా చెక్కి, కన్నులను ఏటవాలు గాళ్లుగా తీసివేయవలెను. ముక్కలకు కొంచెము ఉప్పు రాచి కొంతసేపుంచిన నాలుక చురుకు తగ్గును. మిగిలినవి మూతపెట్టి శీతలపేటికలో ఉంచి, రెండు మూడు దినములలో ముగింపవలెను. తినినపిదప పిల్లలకు విరేచనములు పట్టినచో, ఓ.ఆర్.ఎస్. పొట్లమును కాచి చల్లార్చిన లీటరు నీటిలో కలిపి కొంచెము కొంచెముగా పట్టుచు, ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోవలెను.

ఆకునుండి సన్నని, మెరయు నార వచ్చును. ఫిలిప్పీనుల దేశమున దానితో నేయు పీన్యా అను వస్త్రము పెండ్లివేషమునకు ప్రసిద్ధము. ఆ దేశపు అక్లాన్ మండలమందలి చేనేతను యునెస్కో 2023లో మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. కృత్రిమపు నూలుతో బ్రదుకు సూరతు నేతగానికి ఇది వింతగా తోచవచ్చును.

పండుమీది ఆకుకొప్పును పారవేయ నక్కరలేదు. దానిని మెలిపెట్టి తీసి, అడుగునున్న చిన్న ఆకులు నాలుగైదు వరుసలు ఒలిచి, రెండు మూడు దినములు నీడన ఆరనిచ్చి, ఇసుక కలిసిన మంటితో నింపిన కుండలో నాటినచో వేరుపట్టును. నీరు నిలువరాదు, ఎండ తగులవలెను. మగ్గములవాడలోని వరండాయైనను చాలును. కాపు వచ్చుటకు రెండేండ్లు, ఒక్కొక్కపుడు అంతకు మించి పట్టును. అది కుండకొక పండు మాత్రమే ఇచ్చి, పక్కన పిలకను మొలిపించును.