పాత డిస్కు, కొత్త కంప్యూటరు: బయటి డ్రైవు పలకనప్పుడు

శస్త్రచికిత్సకు ముందు వైద్యులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "ఇంతకు ముందు తీయించిన స్కాన్ ఏదైనా ఉందా?" స్కాన్ ఉంటుంది. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో, సొంత ఊరికి వెళ్లినప్పుడు తీయించినది, ఆసుపత్రి వారు ఇచ్చిన డిస్కులో బీరువాలో భద్రంగానే ఉంటుంది. దానిని చదివే యంత్రమే ఇంట్లో ఉండదు. ఇటీవలి ల్యాప్‌టాపులలో అధిక భాగానికి డిస్కు పెట్టే అర లేదు. అందుచేత యూఎస్‌బీ తీగతో తగిలించే బయటి డ్రైవును కొనవలసి వస్తుంది. కొన్న డ్రైవు పెట్టెపై విండోస్, మ్యాక్ పేర్లు మాత్రమే ముద్రించి ఉంటాయి. ఇంట్లో ఉన్నదేమో పిల్లల చదువు కోసం లినక్స్ ఎక్కించిన పాత ల్యాప్‌టాపు. "ఇది మీ సిస్టానికి పనిచేయదండీ" అని దుకాణదారు తేల్చి చెబుతాడు.

ఆ మాట చాలా సందర్భాలలో నిజం కాదు. పెట్టెపై పేరు లేదంటే, తయారీదారు ఆ సిస్టంలో పరీక్షించి ఉండకపోవచ్చుననీ, చిక్కు వస్తే సహాయం చేయడనీ మాత్రమే అర్థం. డిస్కు తిప్పు, ఫలానా చోట చదువు, డిస్కును బయటికి పంపు వంటి ఆదేశాలు దాదాపు అన్ని డ్రైవులకూ ఉమ్మడి ప్రమాణం ప్రకారమే ఉంటాయి. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ వాటిని పలికించే భాగం ముందే అమర్చి ఉంటుంది. ప్రింటరుకు వలె ప్రత్యేకంగా డ్రైవర్ సాఫ్ట్‌వేరు ఎక్కించనక్కరలేదు. (డ్రైవు వేరు, డ్రైవర్ వేరు, దుకాణాలలో ఈ రెండు మాటలూ తరచు కలిసిపోతుంటాయి.) విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది, అయినంత మాత్రాన ఆ కంప్యూటరుకు తగిలించిన డ్రైవు ఆగిపోదు. ముగిసింది భద్రతా సవరణల రాకడ. అటువంటి యంత్రంలో డిస్కు చదువుకోవచ్చు. బ్యాంకు లావాదేవీలు చేయకపోవడం మేలు.

మరి డ్రైవు ఎందుకు పలకదు? మొదట అనుమానించవలసినది విద్యుత్తును. యూఎస్‌బీ 2.0 రంధ్రం ప్రమాణం ప్రకారం 500 మిల్లీఆంపియర్లు, 3.0 రంధ్రం 900 మిల్లీఆంపియర్లు ఇస్తుంది. నిశ్చలంగా ఉన్న డిస్కును తిప్పడం మొదలుపెట్టే క్షణంలో కొన్ని డ్రైవులు అంతకంటె ఎక్కువ కోరుతాయి. దీపం వెలుగుతుంది, టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంది, తెరపై డ్రైవు కనిపించి మాయమవుతుంది. ఇది సిస్టం లోపం కాదు, ఆకలి. ల్యాప్‌టాపును ఛార్జరుకు తగిలించి, మధ్యలో హబ్బు లేకుండా డ్రైవును నేరుగా గుచ్చి చూడాలి. డెస్క్‌టాపు అయితే ముందువైపు కాక వెనుకవైపు రంధ్రం వాడాలి. సన్నని పొడవాటి తీగను మార్చి పొట్టి తీగ పెట్టాలి. ఒక చివర రెండు ప్లగ్గులున్న తీగ డ్రైవుతో వస్తే, రెండవది అలంకారానికి ఇచ్చినది కాదు, దానినీ తగిలించాలి. ఇవన్నీ అయ్యాక కూడా అదే తీరైతే, సొంత అడాప్టరు ఉన్న హబ్బు అవసరమవుతుంది.

విద్యుత్తు సరిపోయిన తరువాత లినక్స్‌లో డ్రైవు సాధారణంగా 'ఎస్ఆర్0' అన్న పేరుతో కనిపిస్తుంది. ఆ పేరు వచ్చిందంటే సిస్టం డ్రైవును గుర్తించినట్లే.

ఒక డ్రైవు మాత్రం ఈ సూత్రానికి లొంగదు. ఆపిల్ సంస్థ తన మ్యాక్‌ల కోసం చేసిన యూఎస్‌బీ సూపర్‌డ్రైవ్ అది. పాత సామాను దుకాణాలలో చౌకగా దొరుకుతుంది కాబట్టి చెప్పవలసి వస్తున్నది. ఇతర కంప్యూటరుకు తగిలిస్తే దాని పేరు కనిపిస్తుంది కాని, అది డిస్కును లోపలికి తీసుకోదు. పాడైందనుకొని పారవేసేవారు ఉన్నారు. నిజానికి అది ఒక మేలుకొలుపు ఆదేశం కోసం ఎదురుచూస్తుంటుంది. లినక్స్‌లో 'ఎస్‌జీ3-యుటిల్స్' అనే ప్యాకేజీని ఎక్కించి, అందులోని 'ఎస్‌జీ-రా' అనే పనిముట్టుతో 'ఎస్ఆర్0'కు ఏడు సంకేతాలు పంపాలి: మొదట 'ఈఏ', తరువాత అయిదు సార్లు '00', చివర '01'. వెంటనే డ్రైవు డిస్కును అందుకుంటుంది. తీగ ఊడదీసి మళ్లీ పెడితే మళ్లీ నిద్రపోతుంది. కనుక కంప్యూటరు తెలిసినవారి చేత, డ్రైవు తగిలించినప్పుడల్లా ఈ ఆదేశం దానంతట అదే వెళ్లే ఏర్పాటు చేయించుకోవడం మంచిది.

డ్రైవు పలికినా డిస్కులోని స్కాన్ తెరుచుకోకపోవచ్చు. ఆసుపత్రి డిస్కులలో చిత్రాలతో పాటు, వాటిని చూపే చిన్న ప్రోగ్రాము కూడా తరచు ఉంటుంది. అది విండోస్ కోసం రాసినదైతే లినక్స్‌లో కదలదు. చిత్రాలు మాత్రం 'డైకామ్' అనే ఉమ్మడి రూపంలో ఉంటాయి. 'వీసిస్' వంటి ఉచిత ప్రోగ్రాము వాటిని లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ చూపుతుంది. పెళ్లి వీసీడీల సంగతి మరొకటి. 'ఎంపెగ్ఏవీ' ఫోల్డరులోని 'డ్యాట్' ఫైలును లినక్స్‌లో నేరుగా నకలు చేయబోతే పొరపాటు సందేశం వస్తుంది. అంతమాత్రాన డిస్కు చెడిపోయినట్లు కాదు. వీసీడీలో దృశ్యాన్ని రాసే పద్ధతి మామూలు ఫైళ్లకు భిన్నం. 'వీఎల్‌సీ'లో డిస్కునే తెరిస్తే బొమ్మ వస్తుంది.

స్కాన్ డిస్కు ఒకసారి తెరుచుకున్నాక, అదే కూర్చున్నప్పుడు పెన్‌డ్రైవుకు నకలు తీయాలి. బొమ్మల్లా కనిపించే ఫైళ్లను ఏరుకోకుండా డిస్కు మొత్తాన్నీ, 'డైకామ్‌డిర్' అనే ఫైలుతో సహా, ఉన్నది ఉన్నట్లు ఎక్కించాలి. ఏ చిత్రం ఏ వరుసలోనిదో చెప్పే పట్టిక అదే. తెరను ఫోనుతో ఫొటో తీసి పంపడం వైద్యునికి అంతగా ఉపకరించదు. అసలు ఫైళ్లలోనే కొలతలు తీయడానికీ, వెలుగు నీడలు మార్చి చూడడానికీ వీలుంటుంది. ఆ ఫైళ్లలో సాధారణంగా రోగి పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి సంఖ్య కూడా ఉంటాయి. ఇంటర్నెట్ కేంద్రంలో నకలు తీయించవలసి వస్తే, పని అయ్యేదాకా అక్కడే ఉండి, వారి కంప్యూటరులో మిగిలిన ఫైళ్లను చెరిపించి రావాలి.