తక్కువ తిరిగిన పికప్ బండికి ఇంజను ఏల చెడును?

ఒకప్పుడు మన మెట్ట గ్రామములలో రెండెడ్ల బండి చేసిన పనిని నేడు చిన్న పికప్ బండి చేయుచున్నది. 2005లో టాటా ఏస్ బజారుకు వచ్చినది మొదలు ఇట్టి బండ్లు గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పల్లెలన్నిటికి చేరినవి. ఎరువు బస్తాలు పొలమునకు, పత్తి జిన్నింగు మిల్లునకు, మిరపకాయలు యార్డుకు లేదా కోల్డు స్టోరేజికి, అంతటికీ ఇదే బండి. ఐతే కొన్ని సంవత్సరములుగా రైతు సోదరులు ఒక ఫిర్యాదు తరచుగా చెప్పుచున్నారు. మీటరు మీద ఇరువది, ముప్పది వేల కిలోమీటర్లు కూడ తిరుగక పూర్వమే ఇంజను పొగ క్రక్కుట, ఆయిలు త్రాగుట, చివరకు బిగిసిపోవుట జరుగుచున్నది.

చిలకలూరిపేట దగ్గర ఒక గ్రామములో నేను చూచిన సంగతి చెప్పెదను. బండి కొని మూడేండ్లు, మీటరు 21 వేలు. మిరప కోతల నడుమ ఇంజను చెడినది. "సారూ, నా బండి ఊరు దాటి పోయినదే తక్కువ. కొత్త బండికింద లెక్క. కంపెనీవాళ్లు మోసం చేశారు" అని ఆ రైతు వాపోయెను. షెడ్డులో ఇంజను విప్పునపుడు నేనును దగ్గర నుంటిని. సిలిండరు పైభాగము అరిగి మెట్టు పడినది. పిస్టను రింగులు పలుచబడినవి. ఫిల్టరు దాటిన తరువాత గాలి ఇంజనులోనికి పోవు రబ్బరు గొట్టము లోపల వ్రేలు పెట్టి చూచిన మెత్తని నల్లదుమ్ము అంటినది. ఫిల్టరు కాగితమును ఎలుక కొరికి బెజ్జము చేసినది. ఇక కంపెనీతో వాదించుటకేమున్నది? మరమ్మతుకు లక్షా పదివేలైనది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలు మిరపకు నిర్ణయించిన 11,781 రూపాయల ధరతో లెక్కించినను అది తొమ్మిది క్వింటాళ్లకు పైబడిన సరుకు.

మీటరు చెప్పని పని

ఇక్కడ గ్రహింపవలసిన ముఖ్య విషయమొకటి కలదు. మీటరు చక్రములు తిరిగిన దూరమును చెప్పునే కాని ఇంజను తిరిగిన కాలమును చెప్పదు. జనవరి మొదలు ఏప్రిల్ వరకు గుంటూరు యార్డు గేటు వద్ద బండ్ల వరుసను చూచినవారికి ఈ మాట వెంటనే బోధపడును. ఇంజను ఆపక గంటల తరబడి అడుగడుగున కదలుట అక్కడ మామూలు. ఇంజను ఊరక నడచిన ఒక గంటను సుమారు 40 కిలోమీటర్ల ప్రయాణముగా లెక్కింపుమని కొన్ని కంపెనీల పుస్తకములు చెప్పుచున్నవి. ఒక కారులో ఇరువది సార్లు యార్డుకు పోయి, పోయినప్పుడెల్ల ఐదు గంటలు ఇంజను వదలి నిలిపిన బండి, మీటరు కదలకనే నాలుగువేల కిలోమీటర్లు తిరిగినట్లు. వరుస కదలనపుడు తాళము త్రిప్పి ఆపుటయే మేలు.

దీనికి ఎదురు కథ పొలము ప్రయాణము. ఇంటి నుండి చేనికి రెండు మూడు కిలోమీటర్లు. ఇంజను సరిగా వేడెక్కక ముందే ఆపుదురు. ఇంధనము కాలినపుడు పుట్టు నీటి ఆవిరి, కాలని డీజిలు ఆయిలులో కలియును. ఇంజను బాగుగా వేడెక్కినచో ఇవి ఆవిరియై పోవును. లేనిచో ఆయిలులోనే నిలిచి దానిని పలుచన చేయును. అందుచేతనే కంపెనీ పుస్తకములో "ఇన్ని కిలోమీటర్లకు లేదా ఒక సంవత్సరమునకు, ఏది ముందైన అది" అని వ్రాసి యుందురు. మనవారు మొదటి సగము చదివి రెండవ సగము విడిచిపెట్టుచున్నారు. పైన చెప్పిన రైతు మూడేండ్లలో ఆయిలు మార్పించినది రెండు పర్యాయములే. అదే పుస్తకములో దుమ్ము, ఎక్కువ బరువు, చిన్న ప్రయాణములు గల "కఠిన పరిస్థితుల"కు వేరొక పట్టిక యుండును. మన నల్లరేగడి పుంతలలో తిరుగు బండ్లకు ఆ పట్టికయే వర్తించును.

2020 ఏప్రిల్ 1 తరువాత వచ్చిన భారత్ స్టేజ్ 6 డీజిలు బండ్లలో పెక్కింటికి పొగ గొట్టములో మసిని పట్టు ఫిల్టరు కలదు. దీనిని డి.పి.ఎఫ్. అందురు. మసి నిండినపుడు ఇంజను తనంతట తానే కొంత డీజిలు అదనముగా పంపి ఆ మసిని కాల్చివేయును. ఈ పని నడుమ బండిని ఆపినచో, అటుల మరల మరల జరిగినచో, కాలని డీజిలు సిలిండరు గోడల వెంట జారి ఆయిలులో చేరును. డిప్‌స్టిక్ మీద ఆయిలు మట్టము తగ్గుటకు మారుగా పెరుగును. "మన బండి ఆయిలు తాగదు, ఇంకా పెరుగుతోంది" అని సంతోషించిన వారిని నేనెరుగుదును! అది సంతోషింపవలసిన సంగతి కాదు. పలుచబడిన ఆయిలు బేరింగులను కాపాడలేదు. వెంటనే ఆయిలు మార్పింపవలెను. వారమునకొకసారి బండిని జాతీయ రహదారి మీదికి తీసికొనిపోయి ఇరువది, ముప్పది నిమిషములు ఒకే వేగమున నడుపుట ఈ బండ్లకు అవసరము. ఆయిలు కూడ పుస్తకములో చెప్పిన రకమునే పోయవలెను. ట్రాక్టరుకు తెచ్చిన డబ్బాలో మిగిలినది పోయరాదు.

దుమ్ము, దూది, బోరునీరు

సన్నని దుమ్ము ఆయిలుతో కలిసినపుడు ఆకురాయి నూరిన ముద్దవలె సిలిండరును అరగదీయును. ఫిల్టరును గోడకు కొట్టి దులుపుట, గాలి గొట్టముతో బయటినుండి లోపలికి ఊదుట మంచిది కాదు. కాగితము చిరుగును, దుమ్ము లోపలికి దిగును. ఫిల్టరు ఖరీదు కొన్ని వందల రూపాయలు మాత్రమే. గొట్టపు క్లిప్పులు బిగువుగా నున్నవో లేవో చేతితో తడిమి చూడవలెను. ఫిల్టరు మంచిదైనను క్లిప్పు వదులైనచో ఫలము లేదు.

పత్తి తోలు బండ్లకు మరియొక చిక్కు కలదు. దూది పీచు దుమ్ముతో కలిసి రేడియేటరు రెక్కల నడుమ కంబళివలె పట్టుకొనును. గాలి ఆడక ఇంజను వేడెక్కును. ఇంజను చల్లారిన తరువాత మెల్లని నీటి ధారతో లోపలి వైపునుండి బయటికి కడుగవలెను. ఇక రేడియేటరులో పోయు నీటి విషయము. కనిగిరి, మార్కాపురం వైపున, పల్నాడు మెట్టలలోను బోరునీటిలో ఉప్పు, సున్నము ఎక్కువ. ఇంట కాచిన గిన్నెకు తెల్లని పొలుసు కట్టుటను గృహిణులెల్లరు చూచియే యున్నారు. అట్టి పొలుసే ఇంజను లోపల కట్టి వేడిని బయటకు పోనీయదు. తత్ఫలితముగా హెడ్డు వంగును, గాస్కెట్టు పోవును, పిస్టను గీసుకొనును. కూలెంటునే పోయవలెను. త్రోవలో తప్పనిసరియై నీరు పోసినచో ఇల్లు చేరిన వెంటనే దింపి మార్పింపవలెను. వేడి మీద రేడియేటరు మూత ఎంత మాత్రము తీయరాదు.

డీజిలులో నీరు కలియుట కూడ ప్రమాదమే. డ్రమ్ములో నెలల తరబడి నిలువచేసిన డీజిలును ట్రాక్టరు ఓర్చుకొన్నను నేటి పికప్ ఇంజెక్టరు ఓర్చుకొనదు. చెడిన ఇంజెక్టరు తుంపరకు బదులు ధార విడిచి పిస్టను తలకు చిల్లి చేసిన సందర్భములు కలవు.

ఇంజను చెడిన తరువాత

ఆయిలు గుర్తు గల ఎర్ర దీపము వెలిగినచో ఇంటికి ఇంకెంత దూరమున్నను ఇంజను ఆపవలెను. మరల స్టార్టు చేసి చూడరాదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినప్పటి వంటి వానలలో నీట మునిగిన బండికి కూడ ఇదే నియమము. నీరు అదుముటకు లొంగదు. తాళము త్రిప్పినచో కనెక్టింగ్ రాడ్డు వంగును. సాధారణ బీమాలో ఇంజను దానంతట అది చెడుట చేరదు. నీట మునిగి చెడిన ఇంజనుకు కూడ అదనపు రుసుముతో ఇంజను రక్షణ తీసికొనిన వారికే ధీమా.

వారంటీ గడువున్నచో ఊరి మేస్త్రిచేత ఇంజను విప్పింపరాదు. సర్వీసు కేంద్రమున జాబ్ కార్డు తీసికొని, మీటరు, డిప్‌స్టిక్, ఫిల్టరు ఫోటోలు తీసి, చెడుటకు కారణమును వ్రాతమూలకముగా కోరవలెను. విప్పునపుడు దగ్గర నుండి, పాత భాగములు పారవేయకుండ చూచుకొనవలెను. ఫిల్టరు దాటి దుమ్మున్నచో తప్పు మనది. గొట్టము శుభ్రముగా నుండి, బిల్లులన్నియు సక్రమముగా నుండి, ఆయిలు పంపు విరిగియున్నచో మాట వేరు.

వివాదము వచ్చినచో జిల్లా వినియోగదారుల కమిషన్ కలదు. 2019 చట్టము ప్రకారము రైతు తాను నివసించు జిల్లాలోనే, కారణము కలిగిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును. "ఇది వ్యాపారపు బండి, మీరు వినియోగదారులు కారు" అని ఎదుటివారు వాదింపవచ్చును. స్వయం ఉపాధితో బ్రతుకు తెరువుకై కొనినది వ్యాపారము క్రిందికి రాదని చట్టమే చెప్పుచున్నది. తానే నడుపుకొనుటకు లారీ కొన్నవాడు వినియోగదారుడేనని 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ తీర్పునందు సుప్రీంకోర్టు ఉదాహరించెను. కాని కొత్త బండియే ఇప్పింపుమని పట్టుపట్టుట వలన తరచుగా కాలయాపనయే. 2006లో సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసున సుప్రీంకోర్టు వారంటీ షరతు చెడిన భాగమును బాగుచేయుటకో మార్చుటకో మాత్రమేనని, మొత్తము బండిని మార్చనవసరము లేదని చెప్పెను. తయారీ లోపమని నిరూపించుటకు నిపుణుని నివేదిక కావలెను. గ్రామాధికారులు అర్జీ వ్రాసిపెట్టునపుడు ఇంజను మార్పిడి లేదా మరమ్మతు ఖర్చు, సీజనులో కలిగిన నష్టము విడివిడిగా వ్రాయించుట మంచిది.

వేసవి తరువాత బండికి పని తగ్గును. పత్తి తీతలు మరల వచ్చువరకు పెక్కు బండ్లు పాకలో నిలిచియే యుండును. ఆ నెలలలోనే ఎలుకలు ఫిల్టరు పెట్టెలో గూడు కట్టుట, తీగలు కొరుకుట. ట్యాంకు నిండుగా నింపి నిలుపుట వలన లోపల చెమ్మ పట్టదు. సీజను మొదటి దినమున తాళము త్రిప్పుటకు ముందే ఆ పెట్టె మూత విప్పి, కాగితమును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడవలెను. సూది మొనంత వెలుగు కనబడినను కొత్తది వేయవలెను.