ఉద్యోగం దొరుకుతుంది, కోరిన వార్డే దొరకదు

విశాఖపట్నం : మూడేళ్ళ జి.ఎన్.ఎం. కోర్సో, నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగో పూర్తి చేసి, నర్సుల కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్న అమ్మాయికి విశాఖలో ఏదో ఒక ఉద్యోగం దొరకడం అంత కష్టం కాదు. రామ్‌నగర్‌లోనూ, ఆరిలోవ హెల్త్ సిటీలోనూ ప్రైవేటు ఆసుపత్రులు వరసగా వున్నాయి. రాత్రి డ్యూటీలు చేసి అలసిపోయిన నర్సులు మానేస్తూనే వుంటారు, కొత్తవారు చేరుతూనే వుంటారు. కష్టమల్లా తాను మనసుపడిన వార్డు దొరకడంలో వుంది.

మాడుగుల, చోడవరం, యలమంచిలి, పాయకరావుపేటల నుంచి నర్సింగు చదువుకు వచ్చే అమ్మాయిల్లో చాలామంది పొలం పనో, చిన్న వ్యాపారమో చేసుకునే ఇళ్ళ నుంచి వచ్చినవారే. చదువు కోసం చేసిన అప్పు తలమీద వుంటుంది. ఒకరికి పసిపిల్లల వార్డు మీద మనసు, ఇంకొకరికి ఆపరేషన్ థియేటర్ మీద, మరొకరికి పురుళ్ళ వార్డు మీద. ‘ఏ వార్డయితేనేం, నెల తిరిగేసరికి జీతం వస్తుంది గదా’ అంటారు ఇంట్లో పెద్దలు. అప్పు తీర్చవలసిన ఇంట్లో అది తప్పుమాట కాదు. కాని మొదటి రెండేళ్ళు ఎక్కడ పనిచేసిందన్నది ఆ తర్వాత పదేళ్ళ దారిని నిర్ణయిస్తుంది. అనుభవం సర్టిఫికెట్‌లో వార్డు పేరు రాస్తారు. తర్వాత ఉద్యోగం ఇచ్చేవారు చూసేది ఆ పేరునే. విదేశాలకు తీసుకువెళ్ళేవారు కూడా సాధారణంగా ఒకే విభాగంలో రెండేళ్ళ అనుభవం అడుగుతారు.

పిచ్చి, పెళ్ళి సామెత

కొత్తవారిని ప్రత్యేక వార్డుల్లో వేయడానికి ఆసుపత్రులు వెనుకాడడానికి కారణం లేకపోలేదు. నవజాత శిశువుల ప్రత్యేక విభాగానికి వచ్చే బిడ్డ బరువు తరచు 1.8 కిలోలకంటె తక్కువ వుంటుంది. ఆ బిడ్డకు ఎక్కించే మందు, ద్రవం మిల్లీలీటరులో భాగాలతో సహా లెక్క చూడాలి. ఆక్సిజన్ చాలకపోతే ప్రాణానికి ముప్పు, మోతాదు మించితే నెలలు నిండని బిడ్డ కంటిచూపుకే ముప్పు. అందుకే ఇంటెన్సివ్ కేర్‌లో ఒక్కో మంచానికి ఒక నర్సు వుండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. సాధారణ వార్డుల్లోనయితే బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒకరు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు. కాగితం మీద వున్న ఈ లెక్కకూ, వార్డులో కనిపించే లెక్కకూ ఎంత తేడా వున్నదో, రోగితో పాటు ఒక్క రాత్రి గడిపిన వారందరికీ తెలుసు.

ఈ పరిస్థితిలో కొత్త నర్సుకు ఎదురయ్యే జవాబు ఒకటే. అనుభవం వుంటేనే వార్డు. వార్డులో చేస్తేనే గదా అనుభవం! పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత సరిగ్గా ఇక్కడ సరిపోతుంది.

ఈ ముడి విప్పుకున్నవారు చాలావరకు పక్కదారిన వచ్చినవారే. పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్ కోరుకున్నవారు ముందు బాలింతల వార్డులోనో, పిల్లల సాధారణ వార్డులోనో చేరతారు. థియేటర్ కావాలనుకున్నవారు ఆపరేషన్ తర్వాత రోగిని వుంచే గదిలో కుదురుతారు. క్యాజువాలిటీలో నిలదొక్కుకున్నవారిని ఇంటెన్సివ్ కేర్‌కు పిలవడం మామూలే. చదువుకునే రోజుల్లో ఏ వార్డుకు డ్యూటీ వేసినా అక్కడి సిస్టరు మనసులో పేరు నిలబెట్టుకున్న అమ్మాయికి ఖాళీ వచ్చిన కబురు ముందుగా అందుతుంది. ఇది సిఫారసు కాదు. అర్ధరాత్రి ఎవరి మీద భరోసా పెట్టుకోవచ్చునో సిస్టరుకే బాగా తెలుస్తుంది.

ఇంటర్వ్యూలో జీతం సంగతి అడగడానికే సిగ్గుపడే పిల్లలు వార్డు సంగతి అసలే అడగరు. అడగాలి. ఆరు నెలల తర్వాత వార్డు మారుస్తారా, మారిస్తే ఎక్కడికి, శిక్షణ ఎవరిస్తారు అన్నవి ముందే తేల్చుకోవడం మంచిది. చేరేటప్పుడు నకళ్ళు ఇవ్వాలే గాని అసలు సర్టిఫికెట్లు వదులుకోరాదు. తర్వాత మంచి అవకాశం వచ్చినప్పుడు అవి బీరువాలో చిక్కుకుంటే వచ్చిన వార్డు కూడా చేజారిపోతుంది.

జీతం విషయంలో సుప్రీంకోర్టు 2016లో చెప్పిన మేరకు ఏర్పడిన కమిటీ, యాభై పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రి అయినా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని సిఫారసు చేసింది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలన్నది. సిఫారసు సిఫారసుగానే వుండిపోయిన ఆసుపత్రులు దేశమంతటా వున్నాయి.

కె.జి.హెచ్. కల

ఉత్తరాంధ్ర నర్సుకు కల అంటే కింగ్ జార్జి ఆసుపత్రే. 1923లో ప్రారంభమైన ఈ ఆసుపత్రికి శ్రీకాకుళం, విజయనగరం నుంచేగాక ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి కూడా రోగులు వస్తారు. చూడని జబ్బు, చేయని పని అంటూ ఇక్కడ మిగలదు. పాతనగరంలోని ఘోషా ఆసుపత్రి పురుళ్ళకు పేరు. చినవాల్తేరులో మానసిక వైద్యశాల వుంది. హనుమంతవాక దగ్గర విమ్స్ వుంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వుంది. పోర్టుకు సాలగ్రామపురంలో గోల్డెన్ జూబ్లీ ఆసుపత్రి, ఉక్కు కర్మాగారానికి ఉక్కునగరంలో సొంత ఆసుపత్రి వున్నాయి గాని అక్కడ పర్మినెంటు ఖాళీలు అరుదు. రైల్వే ఉద్యోగాలకు రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష, ఎయిమ్స్ సంస్థలకు 2020లో మొదలైన ఉమ్మడి పరీక్ష రాయాలి.

రాష్ట్ర ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టులకు గత కొన్నేళ్ళ నోటిఫికేషన్లలో వేసిన మార్కుల లెక్క పల్లె వారు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. వందలో 75 కోర్సులో వచ్చిన మార్కులకు. కోర్సు పూర్తయ్యాక గడిచిన ఒక్కో ఏడాదికి ఒకటి చొప్పున పది. మిగిలిన 15 కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు. ఈ సేవలోనే అసలు కిటుకు వుంది. పట్నంలో ఆరునెలలు చేస్తే ఒక మార్కు, పల్లెలో చేస్తే రెండు, గిరిజన ప్రాంతంలో చేస్తే రెండున్నర. అంటే పాడేరు, అరకు వైపు మూడేళ్ళు చేసినవారికి పూర్తి 15 మార్కులు వస్తాయి. నగరంలో అవే మార్కులు రావాలంటే ఏడున్నర ఏళ్ళు పడుతుంది. ఏజెన్సీకి పంపడానికి భయపడి కూతుర్ని నగరంలోనే కూర్చోబెట్టే తండ్రులు ఈ లెక్క ఒకసారి వేసి చూసుకోవాలి.

సెలక్షన్ వచ్చాక కూడా ఊరు ఎంచుకునే వీలు కొంత వుంటుంది గాని, వార్డు మాత్రం డ్యూటీ చార్టు వేసేవారి చేతిలోనే వుంటుంది.

ఎవరూ కోరని వార్డు

ఏ వార్డు కావాలని అడిగితే కాలిన గాయాల వార్డు అని చెప్పే అమ్మాయి అరుదు. చిత్రమేమిటంటే, ఈ నగరానికి బాగా అవసరమైన నర్సులు అక్కడి నర్సులూ, క్యాజువాలిటీ నర్సులే. ఓడరేవు, చమురుశుద్ధి, ఉక్కు, రసాయనాలు అన్నీ ఒకేచోట చేరిన ఊరు ఇది. 1997 సెప్టెంబరు 14న హెచ్.పి.సి.ఎల్. రిఫైనరీలో పేలుడు జరిగింది. 2012 జూన్ 13న ఉక్కు కర్మాగారంలో పేలుడు జరిగింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు ఇళ్ళమీద పడినప్పుడు వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. కె.జి.హెచ్.కు వచ్చినవారిలో పిల్లలూ అనేకులు.

కాలిన రోగి వచ్చిన మొదటి గంటల్లో నర్సు చేసే పని లెక్కల మాస్టారి పనిలా వుంటుంది. శరీరం బరువు కిలోల్లో ఎంత, వంటిమీద ఎన్ని శాతం కాలింది అన్నవి చూసి, రెంటినీ హెచ్చించి, దాన్ని నాలుగుతో హెచ్చిస్తే మొదటి ఇరవైనాలుగు గంటల్లో ఎక్కించవలసిన సెలైన్ ఎన్ని మిల్లీలీటర్లో తేలుతుంది. యాభై కిలోల మనిషికి నలభై శాతం కాలితే ఎనిమిది లీటర్లు. అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లోనే వెళ్ళాలి. ఆ ఎనిమిది గంటలు ఆసుపత్రికి వచ్చినప్పటినుంచి కాదు, కాలినప్పటినుంచి. పల్లెనుంచి మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చినవారికి మిగిలేది ఐదు గంటలే. ఎంత ఎక్కించాలన్నది డాక్టరు చెబుతారు. మూత్రం ఎంత వస్తున్నదో గంటగంటకు చూసి ద్రవం సరిపోతున్నదా లేదా చెప్పవలసింది నర్సే.

ఈ వార్డుకు ఫ్యాక్టరీ కార్మికులు మాత్రమే రారు. వంటింట్లో కాలినవారూ వస్తారు, ఎవరో కాల్చినవారూ వస్తారు. మేజిస్ట్రేటు మరణ వాంగ్మూలం తీసుకునే మంచం పక్కన కూడా చాలాసార్లు ఆ నర్సే వుంటుంది. రోజు విడిచి రోజు కట్లు మార్చేటప్పుడు వినబడే కేకలు తట్టుకోలేక వార్డు మార్పించుకునేవారిని తప్పు పట్టలేము. నిలబడినవారు మాత్రం ఇంటెన్సివ్ కేర్‌లో ఎక్కడయినా పనికివస్తారు. ద్రవాల లెక్క, శ్వాసనాళం జాగ్రత్త, ఇన్‌ఫెక్షన్ రాకుండా చూడడం ఇక్కడ నేర్చుకున్నంతగా మరోచోట నేర్చుకోవడం కష్టం.

చదువు ఆగనవసరం లేదు

ఉద్యోగంలో చేరాక కూడా కోరిన విభాగానికి దారి వుంది. థియేటర్, నవజాత శిశు సంరక్షణ, క్యాన్సర్, మానసిక వైద్యం, అత్యవసర చికిత్స వంటివాటిలో ఏడాది పోస్టు బేసిక్ డిప్లొమాలను నర్సింగ్ కౌన్సిల్ గుర్తించింది. పురుళ్ళ వార్డు మీద మనసున్నవారికి పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ ప్రాక్టీషనర్ శిక్షణ వుంది. తెలంగాణ ప్రభుత్వం ఇటువంటి శిక్షణను 2017లో కరీంనగర్‌లో మొదలుపెట్టింది. గల్ఫ్ వైపు చూసేవారు దళారుల చేతిలో పడనవసరం లేదు. ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైన దేశాలకు నర్సులను ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే పంపాలని కేంద్రం 2015లో నిబంధన పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని చూసేది ‘ఓంక్యాప్’ సంస్థ.

ఏజెన్సీలో కాంట్రాక్టు సేవ చేస్తున్నవారు మరచిపోకూడని పని ఒకటి వుంది. ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏ ఆసుపత్రిలో, గిరిజన ప్రాంతమా పల్లెప్రాంతమా అన్న వివరాలతో అధికారి సంతకం చేసిన సర్టిఫికెట్ తీసుకోవాలి. అది జతచేయని దరఖాస్తుకు సేవా మార్కులు కలపరు. నోటిఫికేషన్ పడ్డాక గడువు కొద్ది రోజులే వుంటుంది. అప్పుడు పాడేరు ఘాట్ ఎక్కి సంతకం కోసం తిరగడంకంటె, అక్కడ పని మానేసి వచ్చే రోజునే దాన్ని చేతిలో పెట్టుకుని బస్సెక్కడం మేలు.