పరసీమలో విద్యార్థి

మానవుడు తాను పుట్టిన గడ్డ నుండి అన్నవస్త్రాలతోపాటు ఆలోచించే తీరును కూడా పొందుతాడు. పెద్దలకు నమస్కరించడం, గురువు రాగానే లేచి నిలబడడం, ఇంటికి వచ్చినవారిని భోజనం చేశారా అని పలకరించడం ఎవరూ ప్రత్యేకంగా బోధించకుండానే మనకు అలవడుతాయి. ఇలా తరతరాలుగా సంక్రమించే జీవన విధానమే సంస్కృతి. సొంత ఊరిలో ఉన్నంతకాలం దాని ఉనికిని మనం గమనించము. పరసీమలో అడుగుపెట్టిన నాడే అది మనకు తెలిసివస్తుంది.

ఒకప్పుడు ఉత్తర తెలంగాణ ప్రజలు బ్రతుకుతెరువు కోసం బొంబాయికి, భివండీకి, ఆ తరువాత గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళారు. నేడు కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వంటి పట్టణాల యువతీయువకులు ఉన్నత విద్య కోసం అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాలకు వెళుతున్నారు. ప్రవేశ పరీక్షలకు, వీసాకు ఎంతో శ్రద్ధగా సిద్ధపడే వీరిలో చాలామంది అక్కడి జీవితానికి సిద్ధపడకుండానే విమానం ఎక్కుతారు.

కొత్త సమాజంలో ప్రవేశించిన వ్యక్తికి కలిగే తికమకను శాస్త్రజ్ఞులు 'సాంస్కృతిక ఆఘాతం' అంటారు. కాలెర్వో ఓబెర్గ్ అనే మానవ శాస్త్రవేత్త 1954లో ఒక ప్రసంగంలో దీనిని దశలుగా వివరించాడు. మొదట అన్నీ అద్భుతంగా తోస్తాయి. కొంతకాలానికి అన్నీ చికాకు కలిగిస్తాయి. ఆపైన మెల్లగా అవగాహన కలుగుతుంది. చివరకు మనసు కుదుటపడుతుంది. అమెరికాలో సాధారణంగా ఆగస్టులో తరగతులు మొదలవుతాయి. తొలి ఉత్సాహం తగ్గే నాటికి ఇక్కడ బతుకమ్మ పండుగ వస్తుంది. ఇంటివారు ఫోనులో పాట వినిపిస్తుంటే, చలిగదిలో ఒంటరిగా కూర్చున్న విద్యార్థికి దుఃఖం పొంగుకురావడం సహజం. అది బలహీనత కాదు, దాటవలసిన ఒక దశ.

తరగతి గది కూడా కొత్తగానే ఉంటుంది. అక్కడ గురువును ప్రశ్నించడం అవిధేయత కాదు, మౌనంగా ఉండడమే అశ్రద్ధగా కనిపించవచ్చు. ఇతరుల వాక్యాలను వారి పేరు చెప్పకుండా తన వ్యాసంలో చేర్చడం పెద్ద నేరం. ఇటువంటి నియమాలను ముందుగా తెలుసుకోవాలి. అయితే సర్దుకుపోవడం అంటే ఏ ఎండకా గొడుగు పట్టడం కాదు. మనవారి నడుమనే గిరిగీసుకొని ఉండడం ఎంత పొరపాటో, మన భాషను, ఆచారాలను చూసి మనమే సిగ్గుపడడం కూడా అంతే పొరపాటు.

ఈ రెండింటికీ నడుమ ఉన్న మార్గానికి మన ఆదిలాబాదు నేలమీదనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1909లో వియన్నా నగరంలో జన్మించిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ మానవ శాస్త్ర పరిశోధకుడు. 1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయన భారతదేశంలో ఉన్నాడు. జర్మన్ పాస్‌పోర్టు కలిగి ఉన్నందున ఆంగ్ల ప్రభుత్వం ఆయనను శత్రుదేశీయుడిగా పరిగణించి, హైదరాబాదు సంస్థానానికే పరిమితం చేసింది. 1940లో కుమ్రం భీం జోడేఘాట్ వద్ద అమరుడైన తరువాత, గోండుల అసంతృప్తికి కారణాలను పరిశీలించే పనిని నిజాం ప్రభుత్వం ఆయనకు అప్పగించింది.

ఆయన తన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయి గ్రామంలో నివసించాడు. గోండీ భాష నేర్చుకున్నాడు. గోండుల పండుగలను, దేవతారాధనను, ప్రధానులు గానం చేసే కథలను విద్యార్థివలె శ్రద్ధగా పరిశీలించి గ్రంథస్థం చేశాడు. వారి భూమి సమస్యలను ప్రభుత్వం దృష్టికి తెచ్చాడు. ఆయన కృషి వలన 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ఏర్పడింది, గోండీలో వాచకాలు వెలువడ్డాయి. ఆయన తన శాస్త్ర దృష్టిని వదులుకోలేదు, ఎదుటివారి జీవనాన్ని చులకన చేయలేదు. 1987లో మరణించిన బెట్టీ ఎలిజబెత్‌ను మార్లవాయిలోనే సమాధి చేశారు. పరాయివారిగా వచ్చిన ఆ దంపతులను అక్కడి గోండులు నేటికీ ఆత్మీయులుగా స్మరిస్తున్నారు.

ఈ ఉదాహరణ మనకు మరొక విషయం కూడా తెలుపుతుంది. పరసీమ సముద్రాల ఆవలనే ఉండనక్కరలేదు. ఉట్నూరు, జైనూరు, తిర్యాణి గూడేల నుండి పట్టణపు కళాశాలకు వచ్చే గోండు విద్యార్థికి మన తరగతి గదియే పరసీమ. ఇంట గోండీ మాట్లాడే ఆ విద్యార్థి తెలుగులో తడబడితే మనం నవ్వుతామా, అతని భాషలో నాలుగు మాటలు నేర్చుకుంటామా? రేపు విదేశంలో మన ఉచ్చారణ విని ఎదుటివారు ఎలా ప్రవర్తించాలని మనం కోరుకుంటామో, నేడు మనం అలాగే ప్రవర్తించాలి. పరసంస్కృతిని గౌరవించే శిక్షణ పక్క బెంచీ నుండే మొదలుకావాలి.