చెరిపినా మిగిలే రాత

సెల్‌ఫోనులో సందేశం చెరిపేశారు. పోయినట్టేనా? చాలా ఫోన్లలో సందేశాలు వరుసలుగా ఒక ఫైలులో ఉంటాయి. ఆ పట్టికను నడిపేది 2000లో రిచర్డ్ హిప్ తయారుచేసిన ఎస్‌క్యూలైట్ అనే ప్రోగ్రాం. వరుసను చెరపమంటే అది సాధారణంగా అక్షరాలను తుడవదు; ‘ఈ చోటు ఖాళీ’ అని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. హాజరుపట్టీలో పేరు కొట్టేసినా కుర్రాడు బెంచీమీదే కూర్చున్నట్టు!

ఆ గుర్తు తరచు వరుసలోని మొదటి 4 బైట్లమీదే పడుతుంది. వరుస పొడవు రాసి ఉండేది అక్కడే. కనుక ఎక్కడ మొదలో, ఎక్కడ తుదో పరిశోధకులు మిగిలిన బైట్లనుబట్టి లెక్కకట్టాలి. ఓపికతో కూడిన పని!

ఈలోగా కొత్త సందేశం వచ్చి ఆ చోట చేరితే పాతది దొరకదు. అందుకే ముందుగా నకలు తీసి, దానిమీదే వెదుకుతారు. ఖాళీచోటును సున్నాలతో నింపే ఏర్పాటూ ఎస్‌క్యూలైట్‌లో ఉంది. అది పనిచేస్తూ ఉంటే ఈ ఉపాయం పారదు.